శల్యసారథ్యం



సంధులో సమాసాలో, శతకపద్యాల తాత్పర్యాలో ఆశించి ఈ పుటకు వచ్చేవారు ఈసారి నన్ను మన్నించాలి. ఈ టపా ఒక ఆటను గురించి. అదీ మన ఆట కాదు, అమెరికా వారి ఫుట్‌బాల్. కాలితో తన్నడం తక్కువ, చేత్తో విసరడం ఎక్కువ అయిన క్రీడకు ఆ పేరేమిటని నన్నడగవద్దు. వ్యుత్పత్తికీ వాడుకకూ పొత్తు కుదరని రూఢిశబ్దాలు మన నిఘంటువులలోనూ కొల్లలుగా ఉన్నాయి.

అరవై దాటిన తెలుగు పండితునికి ఆ గొడవ ఎందుకంటారా? మా అమ్మాయి కుటుంబం న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉంటుంది. 2025 శరదృతువంతా నేను అక్కడే గడిపాను. పన్నెండేళ్ల మా మనవడు న్యూయార్క్ జెట్స్ అనే జట్టుకు భక్తుడు. పేరులో న్యూయార్క్ ఉన్నా ఆ జట్టు 1984 నుండి ఆడుతున్నది న్యూజెర్సీలోని ఈస్ట్ రూథర్‌ఫర్డ్‌లో. కనుక వాడి దృష్టిలో అది సొంత ఊరి జట్టు. ఆ ఇంట్లో ప్రతి ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంటకు ఆశ పుట్టేది, నాలుగు గంటలకు గిట్టేది. ఆ తరువాత రాత్రి భోజనాల దాకా ఎవరూ ఎవరితోనూ మాట్లాడేవారు కారు. ఏడు వారాలు నేను ఆ మైల పట్టాను. అందుచేత ఈ విషయంలో మాట్లాడే అర్హత కొంత సంపాదించుకున్నాననే అనుకుంటున్నాను.

ముందు ఆట తెలియనివారి కోసం నాలుగు మాటలు. ఒక్కొక్క ప్రక్క పదకొండుగురు. బంతి చేతిలో ఉన్న జట్టు నాలుగు ప్రయత్నాలలో పది గజాలు ముందుకు జరపాలి. జరిపితే మరి నాలుగు ప్రయత్నాలు, జరపలేకపోతే బంతి ఎదుటివారి పాలు. ప్రతి ప్రయత్నంలోనూ బంతిని మొదట చేత పట్టేవాడు క్వార్టర్‌బ్యాక్. విసరాలా, ప్రక్కవానికి అందించాలా, తానే పరుగెత్తాలా అన్నది అతడు రెండు మూడు క్షణాలలో తేల్చుకోవాలి. ఆ కాసేపు అతని ముందు నిలిచి ఐదుగురు బలశాలులు అడ్డుగోడ కడతారు. గోడ కూలితే అతడూ కూలుతాడు. ఏ ఎత్తు వేయాలో ప్రక్కనుండి కోచ్ చెబుతాడు. ఏ ఆటగాడిని కొనాలో, ఎవరిని వదులుకోవాలో జనరల్ మేనేజర్ చెబుతాడు. వారిద్దరినీ నియమించేవాడు, తొలగించేవాడు యజమాని.

మన పత్రికలవారు ఇటువంటి ఆటగాడిని 'సారథి' అంటారు. నా వాదం ఇక్కడే మొదలవుతుంది. క్వార్టర్‌బ్యాక్ సారథి కాడు. రథం మీద నిలబడి బాణాలు వేసే విలుకాడు. పగ్గాలు ఇతరుల చేతుల్లో ఉంటాయి. ఓడిన ప్రతిసారీ లోకమంతా విలుకానిని తిట్టి పగ్గాలు పట్టినవానిని మరచిపోతున్నది. జెట్స్ కథ ఆ మరపు కథ.

2025 మార్చిలో ఆ జట్టు జస్టిన్ ఫీల్డ్స్ అనే యువకుణ్ణి తెచ్చుకుంది. రెండేళ్లకు 4 కోట్ల డాలర్ల ఒప్పందం, అందులో 3 కోట్లకు హామీ. అతడు గొప్పగా పరుగెత్తగలడు. బంతిని విసరవలసిన వేళకు విసరక చేతిలోనే ఉంచుకుంటాడన్న నింద షికాగోలో ఆడిన నాటినుండీ ఉన్నది. గుణమూ దోషమూ రెండూ బహిరంగమే. కొన్నవారు చూసే కొన్నారు. అక్టోబరు 12న లండనులో డెన్వర్ జట్టుతో ఆడినప్పుడు ప్రత్యర్థులు అతణ్ణి తొమ్మిదిసార్లు నేలకు పడగొట్టారు. విసిరి సంపాదించిన గజాలలో నుండి పడిపోయి పోగొట్టుకున్న గజాలు తీసివేస్తే మిగిలింది సున్నకు దిగువన పది. లెక్కల మాష్టారెవరైనా ఇటువంటి మార్కు వేశారేమో నాకు తెలియదు. మరుసటి ఆదివారం కరోలినాతో ఆడుతూ ఉండగా సగం ఆటలో అతణ్ణి కూర్చోబెట్టి టైరాడ్ టేలర్ అనే పెద్దవాణ్ణి దింపారు. అయినా 13-6తో ఓటమే. అప్పటికి ఏడు ఆటలు, ఏడు ఓటములు.

ఇంతవరకూ ఇది మామూలు దుఃఖం. మా అల్లుడు టీవీ ముందు నిలబడి ఫీల్డ్స్‌ను అనరాని మాటలన్నాడు. అమెరికాలో పుట్టి పెరిగిన మనవడి ముందు అచ్చ తెలుగులో అన్నాడు. వాడికి అర్థం కాలేదు కనుక బ్రతికిపోయాం. నేను నోరు మెదపలేదు. అభిమాని కోపం అభిమానంలో భాగమే.

రెండు రోజుల తరువాత, అక్టోబరు 21న, న్యూయార్క్‌లో యజమానుల సమావేశం జరిగింది. అక్కడ జెట్స్ యజమాని వుడీ జాన్సన్ విలేకరుల ముందు నోరు విప్పాడు. కోచ్ ఆరన్ గ్లెన్ మీద తనకు నమ్మకం చెక్కుచెదరలేదన్నాడు. ఇటువంటి రేటింగ్ ఉన్న క్వార్టర్‌బ్యాక్‌తో నెగ్గడం కష్టమనీ, ఏ కోచ్‌కైనా ఇటువంటివాణ్ణి అప్పగిస్తే ఇటువంటి ఫలితాలే వస్తాయనీ భావం వచ్చేటట్లు మాట్లాడాడు. తాను జీతమిచ్చి తెచ్చుకున్న ఆటగాణ్ణి, జట్టు ఇంకా పది ఆటలు ఆడవలసి ఉండగా, ఊరందరి ముందు నిలబెట్టి వీడే కారణమని చూపించాడు.

ఆ సాయంత్రం మనవడు నా ప్రక్కన కూర్చుని, "తాతయ్యా, ఆయన మన టీమ్ ఓనరే కదా? మరి మనవాణ్ణే అలా అన్నాడేంటి?" అని అడిగాడు.

నాకు తెలిసిన ఒకే ఒక్క సమాధానం చెప్పాను. దానికి మన భాషలో ఒక పేరుంది, శల్యసారథ్యం అన్నాను. ఆ కథ చెప్పవలసి వచ్చింది. మీకందరికీ తెలిసినదే అయినా రెండు మూడు విశేషాలు గుర్తు చేస్తాను, నా వాదానికి అవి ముఖ్యం కనుక.

శల్యుడు మద్రరాజు, నకులసహదేవులకు మేనమామ. పాండవుల ప్రక్కకు బయలుదేరి, దారిలో దుర్యోధనుడు చేసిన మర్యాదలకు లోబడి కౌరవుల ప్రక్క చిక్కుకున్నాడు. కర్ణునికి సారథ్యం చేయవలసి వస్తే అతని తేజస్సును మాటలతో తగ్గించవలసిందని ధర్మరాజు ముందే అడిగాడు, శల్యుడు ఒప్పుకున్నాడు. పదిహేడవనాడు పగ్గాలు పట్టేటప్పుడు కూడా నా ఇష్టం వచ్చినట్లు మాట్లాడుతాను, పడి ఉండాలని నియమం పెట్టుకునే రథమెక్కాడు. ఆపైన అర్జునుణ్ణి పొగుడుతూ, కర్ణుణ్ణి ఎంగిళ్లు తిని బలిసిన కాకితో పోలుస్తూ యుద్ధభూమికి తీసుకుపోయాడు. కర్ణుడు చచ్చింది శాపాల వలన, చక్రం క్రుంగినందువలన, తన తప్పుల వలన కూడా. కాదనను. అయినా తెలుగువాడు ఆ ఘట్టంలో నుండి ఏరుకుని నిత్యవ్యవహారంలో పెట్టుకున్న మాట మాత్రం శల్యసారథ్యం. ఎదుట నిలిచిన శత్రువు బాణం కంటె ప్రక్కన కూర్చున్నవాని మాట లోతుగా దిగుతుందని మన పూర్వులకు తెలుసు.

ఒక భేదం మాత్రం చెప్పి తీరాలి. శల్యుడు ఎదుటిప్రక్కకు మాట ఇచ్చి చేశాడు. అతని దుర్మార్గంలో ఒక నిజాయితీ ఉంది. ఈ యజమాని ఎవరికీ ఏ మాటా ఇవ్వకుండానే ఆ పని చేశాడు. సొంత రథానికి, సొంత ఖర్చుతో.

ఆ మాటలు పడిన వారంలోనే, అక్టోబరు 26న, జెట్స్ సిన్సినాటీ వెళ్లి చివరి భాగంలో పదిహేను పాయింట్లు వెనుకబడి కూడా 39-38తో గెలిచింది. ఆడింది ఫీల్డ్సే. ఆట అయిన తరువాత అతడే విలేకరులతో చెప్పుకున్నాడు, ఆ వారంలో ఒకనాడు తన బట్టల గదిలో నేల మీద పడుకుని ఏడ్చానని. అది విని మా అల్లుడు టీవీ కట్టేసి చాలాసేపు కిటికీలోనుండి బయటికి చూస్తూ కూర్చున్నాడు. ఆ తరువాత ఫీల్డ్స్‌ను అతడు తిట్టగా నేను వినలేదు.

ఒక్క మాటను పట్టుకుని ఇంత వాదం లాగుతున్నావేమయ్యా అని మీరనవచ్చు. ఒక్క మాట అయితే లాగేవాణ్ణి కాను. వెనుక పాతికేళ్ల చరిత్ర ఉన్నది.

ఈ జట్టు సూపర్ బౌల్ అనే మహాయుద్ధాన్ని గెలిచింది ఒకే ఒక్కసారి, 1969 జనవరి 12న. జో నేమత్ అనే క్వార్టర్‌బ్యాక్ మూడు రోజుల ముందే గెలుపు మాది అని పందెం కట్టినట్లు పలికి, బాల్టిమోర్ జట్టును 16-7తో ఓడించి చూపాడు. ఆ తరువాత మళ్లీ ఆ రణరంగంలో అడుగు పెట్టలేదు. జాన్సన్ 2000 సంవత్సరంలో 63 కోట్ల 50 లక్షల డాలర్లకు జట్టును కొన్నాడు. న్యాయంగా చెప్పాలంటే ఆయన ఏలుబడి మొదటి పదకొండేళ్లలో జట్టు ఆరుసార్లు ప్లేఆఫ్స్‌కు వెళ్లింది. ఆఖరుసారి 2010 సీజనులో. ఆ తరువాత, 2025 సీజను ముగిసేనాటికి, వరుసగా పదిహేను సీజన్లు ఆ గడప తొక్కలేదు. ఆ నాటికి ఆ లీగ్‌లోని ముప్పైరెండు జట్లలో ఇంత దీర్ఘమైన కరువు మరి దేనికీ లేదు.

ఈ పదిహేనేళ్లలో విలుకాళ్లు తక్కువై ఈ గతి పట్టిందా? చూద్దాం. కొంచెం ఓపికతో చదవండి. నా వాదానికి మూలస్తంభం ఇదే.

2013లో జీనో స్మిత్‌ను రెండవ విడతలో ఎంచుకున్నారు. 2015 ఆగస్టులో ఆరువందల డాలర్ల బాకీ తగవులో సహచరుడే అతని దవడ పగలగొట్టాడు. సొంత జట్టు గదిలో, సొంత మనిషి! అతడు బెంచీ మీదికి జారాడు. జెట్స్ విడిచి, మరి కొన్ని జట్లలో ఏళ్ల తరబడి ఎదురుచూసి, 2022లో సియాటిల్‌కు ఆడి, విసిరిన బంతులలో గురి తప్పనివాటి శాతంలో లీగ్ అంతటికీ మొదటివాడయ్యాడు. పడి లేచిన ఆటగానికిచ్చే బహుమానం ఆ ఏడు అతనిదే.

2016లో క్రిస్టియన్ హాకెన్‌బర్గ్‌ను రెండవ విడతలోనే ఎంచుకున్నారు. అతడు అసలు సీజనులో ఒక్క ఆటైనా ఆడకుండానే వెళ్లిపోయాడు. కొన్న పలకమీద ఒక్క అక్షరమైనా దిద్దించలేదన్నమాట.

2018లో శామ్ డార్నాల్డ్‌ను మూడవ స్థానంలో తెచ్చారు. ఇరవై ఒక్కేళ్లు. మరుసటి ఏడు అక్టోబరు 21న న్యూ ఇంగ్లండ్‌తో ఆడి 33-0తో ఓడుతున్నప్పుడు అతడు ప్రక్కకు వచ్చి, నాకు దయ్యాలు కనిపిస్తున్నాయి అన్నాడు. ఒంటికి తగిలించిన మైకు ఆ మాటను పట్టుకుంది, టీవీ దేశమంతటికీ వినిపించింది. ఆ కుర్రవాణ్ణి అందరూ ఏళ్ల తరబడి ఎగతాళి చేశారు. 2021 ఏప్రిల్‌లో అమ్మివేశారు. అతడు 2024లో మిన్నెసోటాకు పధ్నాలుగు విజయాలు సంపాదించి పెట్టాడు. 2025 సీజనుకు సియాటిల్ చేరి, 2026 ఫిబ్రవరి 8న సూపర్ బౌల్ గెలిచాడు. ఓడిపోయిన జట్టేదో తెలుసా? న్యూ ఇంగ్లండే. ఎవరి ముందు దయ్యాలు కనిపించాయో వారి మీదనే. దయ్యాలు అతని కళ్లలో లేవు. అతడు అద్దెకున్న ఇంట్లో ఉన్నాయి.

2021లో జాక్ విల్సన్. రెండవ స్థానం. 2022 నవంబరులో న్యూ ఇంగ్లండ్ మీద జట్టు మూడే పాయింట్లు చేసి ఓడిననాడు, బంతిని కాపాడిన మీ రక్షకదళాన్ని మీ దళం నిరాశపరచిందా అని అడిగితే లేదన్నాడు. తప్పే. ఇరవై మూడేళ్లవాని తప్పు. దానితో కూర్చోబెట్టారు. మళ్లీ గత్యంతరం లేక 2023లో లేపారు. 2024లో డెన్వర్‌కు పంపివేశారు.

2023లో ఆరన్ రాజర్స్. ముప్పై తొమ్మిదేళ్ల మహారథి. సెప్టెంబరు 11 రాత్రి జాతీయపతాకం చేతబట్టి మైదానంలోకి పరుగెత్తుకొచ్చాడు. నాలుగవ ఎత్తుకే మడమ నరం తెగింది. దైవానికి నేను ఎవరినీ బాధ్యులను చేయను. కాని 2024లో అతడు కోలుకుని వస్తే ఏమి చేశారు? ఐదు ఆటలకు రెండు గెలిచి మూడు ఓడగానే అక్టోబరు 8న కోచ్ రాబర్ట్ సలేను తొలగించారు. నవంబరు 19న జనరల్ మేనేజర్ జో డగ్లస్‌ను తొలగించారు. చివరకు ఐదు గెలుపులు, పన్నెండు ఓటములు. 2025లో రాజర్స్‌నూ సాగనంపారు.

ఇప్పుడు లెక్క సరిచూడండి. అంగడిలో బియ్యం మార్చారు, నీళ్లు మార్చారు, గిన్నె మార్చారు, వంటవాళ్లను మార్చారు. అన్నం ప్రతిసారీ మాడింది. ఇక మార్చనిది పొయ్యి ఒక్కటే. అదే బియ్యం ప్రక్కింటికి తీసుకువెళితే మల్లెమొగ్గల్లా విచ్చుకున్నది. మాడినందుకు బియ్యాన్ని తిట్టేవారిని ఏమనాలి?

విలుకాళ్ల సంగతి అలా ఉంచి పగ్గాల సంగతి చూడండి. 2000 జనవరి 4న బిల్ బెలిచిక్ అనే ఆయన జెట్స్ ప్రధాన కోచ్‌గా పరిచయం కావలసిన సభకు వచ్చి, ఆ పదవికి రాజీనామా చేస్తున్నానని ఒక కాగితం ముక్క మీద వ్రాసి ఇచ్చి వెళ్లిపోయాడు. అప్పటికి జట్టు చేతులు మారుతున్నది. క్రొత్త యజమాని ఎవరో తేలలేదు. న్యూ ఇంగ్లండ్ వెళ్లి అక్కడ ఆరు సూపర్ బౌళ్లు గెలిచాడు. జెట్స్ మాత్రం 2000 నుండి 2025 దాకా ఎనిమిదిమంది ప్రధాన కోచ్‌లను నియమించింది, మధ్యలో వచ్చిన తాత్కాలికులను వదిలేస్తే. పంటకు ముందే పాలేరును మార్చే కామందు పొలం ఎలా పండుతుంది?

2025 జూలైలో సాస్ గార్డ్‌నర్ అనే యువరక్షకునితో మరి నాలుగేళ్లకు ఒప్పందం పొడిగించారు. నవంబరు 4న, అంటే నాలుగు నెలలు తిరగకుండా, ఇండియానాపొలిస్‌కు ఇచ్చివేశారు. అదే రోజు క్విన్నెన్ విలియమ్స్ అనే మరో మూలస్తంభాన్ని డాలస్‌కు ఇచ్చారు. ప్రతిగా రాబోయే ఏళ్లలో మొదటి విడతలో క్రొత్తవారిని ఎంచుకునే హక్కులు వచ్చాయి. లెక్క చూస్తే బేరం మంచిదేనంటారు. అయి ఉండవచ్చు. కాని ఆ క్రొత్త పిల్లలు వచ్చి చేరేది మళ్లీ ఈ ఇంటికే కదా? ఆ సీజను ముగిసేసరికి మూడు గెలుపులు, పధ్నాలుగు ఓటములు. పదిహేడు ఆటలలో ప్రత్యర్థి విసిరిన బంతిని గాలిలో ఒక్కసారైనా అడ్డగించి పట్టలేదు. ఆ లీగ్ చరిత్రలో ఏ జట్టుకూ దక్కని అపకీర్తి అది. బంతిని పట్టవలసిన ఆ పని క్వార్టర్‌బ్యాక్‌ది కానే కాదు. అప్పటికే ఫీల్డ్స్‌ను నవంబరులో ప్రక్కకు పెట్టారు కూడా. వేలు ఎవరివైపు చూపించారో అతడు లేకుండా ఆడినా ఓటమి తప్పలేదు.

2025 ఫిబ్రవరిలో ఆటగాళ్ల సంఘం యజమానులకు మార్కులు వేసింది. వుడీ జాన్సన్‌కు వచ్చిన మార్కు 'ఎఫ్'. నలభై ఏళ్లు దగ్గరదగ్గరగా పిల్లల జవాబు పత్రాలు దిద్దినవాణ్ణి. పిల్లలు మాష్టారికి మార్కులు వేసే రోజు వస్తే ఏమవుతుందో అని లోలోపల భయపడినవాణ్ణి. కాబట్టి ఆ మార్కు విలువ నాకు బాగా తెలుసు.

ఇక ఎదురువాదాలు. మా అల్లుడే వేశాడు మొదటిది: "మామయ్యగారూ, నాలుగు కోట్ల డాలర్లండీ! అంత తీసుకున్నవాడు నాలుగు మాటలు పడితే తప్పేముంది?" తప్పు లేదు, అనేవాడు ఎవరన్నదే ప్రశ్న. నీవు టికెట్టు కొన్నావు, ఆదివారాలు ధారపోశావు, పిల్లవానికి చొక్కా కొనిపెట్టావు. ఆటగాణ్ణి నీవు ఎంచుకోలేదు. నీకు అనే హక్కు ఉంది. ఎంచుకున్నవాడు, జీతమిచ్చేవాడు, కోచ్‌ను తెచ్చినవాడు, గోడ కట్టే ఐదుగురినీ సమకూర్చినవాడు అన్నప్పుడు అది విమర్శ కాదు, తప్పించుకోవడం. పెళ్లి కుదిర్చిన పెద్దమనిషే పందిట్లో నిలబడి పిల్ల కురూపి అంటే ఊరుకుంటామా? డబ్బు మాటకు వస్తే, అది ఆటకు ధర. అవమానానికి ధర ఒప్పందంలో ఎక్కడా వ్రాయలేదు.

రెండవది: యజమాని అబద్ధమాడాడా? రేటింగ్ నిజంగా తక్కువే కదా? తక్కువే. కాకి ఉపమానంలోనూ కొంత నిజం లేకపోలేదు. నిజం ఎప్పుడు, ఎక్కడ, ఎవరు చెప్పాలన్నదే ధర్మం. గదిలో పిలిచి చెబితే శిక్షణ, వీధిలో చెబితే శిక్ష. పంతులుకీ తలారికీ భేదం అంతే.

మూడవది నా మీద నేను వేసుకున్నది: ఇంత గట్టిగా మాట్లాడుతున్నావు, నీవేం చేశావు?

ఇది చెప్పకుండా ఈ టపా ముగించలేను. ఉద్యోగం తొలి సంవత్సరాలలో నేనొక పాఠశాలలో పని చేశాను. వార్షికోత్సవానికి దుర్యోధనుని ఏకపాత్రాభినయం వేయించాలన్నారు. పొడుగరి అని, గొంతు పెద్దదని, తొమ్మిదవ తరగతి పిల్లవాణ్ణి కరస్పాండెంటుగారే ఎంపిక చేశారు. వాడికి వేదిక అంటే భయమని నేను ఒకసారి నసిగాను; వినలేదు. పది రోజులు సాయంకాలాలు కూర్చోబెట్టి నేర్పాను. ఆ రోజు అద్దెకు తెచ్చిన కిరీటం చెవులమీదికి జారుతున్నది. వాడు తెర వెనుక దాన్ని రెండు చేతులా పట్టుకుని నిలుచున్నాడు. ఇంతలో ఆ పెద్దమనిషి మైకు అందుకుని, "మా తెలుగు మాష్టారికి వీడికంటె మంచి సుయోధనుడు దొరకలేదట, ఏం చేస్తాం, చూద్దాం" అన్నారు. సభ గొల్లుమన్నది.

పిల్లవాడు వెళ్లి నిలబడ్డాడు. రెండు వాక్యాలు చెప్పాడు. మూడవది రాలేదు. నేను ప్రతి పట్టుకుని తెర వెనుక నుండి అందించాను, మళ్లీ అందించాను. వాడికి వినబడలేదు, సభ నవ్వు ఒక్కటే వినబడుతున్నది. కిరీటం తీసి చేతిలో పట్టుకుని దిగి వచ్చేశాడు.

ఆ రాత్రి కార్యక్రమం అయ్యాక అదే పెద్దమనిషి ప్రక్కన కూర్చుని నేను ఉప్మా తిన్నాను. "తమరే కదండీ ఎంపిక చేసింది" అన్న నాలుగు మాటలు నా నోటిలోనుండి రాలేదు. నా ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. మరుసటి ఏడు ఆ పిల్లవాడు ఏ పోటీకీ పేరు ఇవ్వలేదు. ఎందుకని నేనూ అడగలేదు. ఇప్పుడు వాడు ఎక్కడున్నాడో తెలియదు. బట్టల గదిలో నేలమీద పడుకుని ఏడ్చిన పాతికేళ్లు దాటిన ఒక అమెరికా యువకుని మాట వినగానే నాకు కనబడింది మాత్రం చెవులమీదికి జారుతున్న ఆ అట్టకిరీటమే.

కనుక ఇది ఒక యజమాని మీద కోపం మాత్రమే కాదు. శల్యుడు ఒక్కడే రథం తోలలేదు. చుట్టూ వింటూ ఊరుకున్న సైన్యమొకటి ఉన్నది. ఆ సైన్యంలో నేనూ ఒకప్పుడు ఉన్నాను.

జెట్స్ అభిమానులకు, వారిలో మన తెలుగువారు ఎందరో ఉన్నారు కనుక, ఒక్క మనవి. తిట్టడం మానమని చెప్పను. అది మీ హక్కు, కొంతవరకు ఆరోగ్యం కూడా. గురి మార్చమంటున్నాను. రేపు మరొక క్వార్టర్‌బ్యాక్ వస్తాడు. మొదటి ఆటకు దేవుడంటారు, నాలుగవ ఆటకు దయ్యమంటారు. ఆ మాట అనబోయే ముందు జీనో స్మిత్‌నూ శామ్ డార్నాల్డ్‌నూ ఒక్కసారి తలచుకోండి. ఒక కోచ్‌కు నాలుగేళ్లు, ఒక కుర్రవానికి మూడేళ్లు, ముందు నిలిచే గోడకు తగినంత ఖర్చు, యజమాని నోటికి తాళం. మీరు అడగవలసినవి ఈ నాలుగే. మొదటి మూడింటికీ డబ్బూ ఓపికా కావాలి. నాలుగవదానికి కానీ ఖర్చు లేదు.

తిరిగి వచ్చే ముందు రోజు మనవణ్ణి అడిగాను, జట్టు మారతావా, గెలిచే జట్లు బోలెడన్ని ఉన్నాయి కదా అని. వాడు నన్ను వింతగా చూసి, "తాతయ్యా, నువ్వు కర్ణుడి కథ చెప్పినప్పుడు కర్ణుడి సైడే ఉన్నావు కదా!" అన్నాడు.

జవాబు తోచక ఊరుకున్నాను. మీకు తోస్తే వ్యాఖ్యలలో వ్రాయండి. విభేదించేవారికి ప్రత్యేకాహ్వానం.

స్వస్తి.